8085 మైక్రోప్రాసెసరు, దాని పరివారము: ఒక పరిశీలనము

మైక్రోప్రాసెసరు చరిత్రను వ్రాయువారు సాధారణముగా గణనము చేయు చిప్పునొక్కదానినే ప్రధానముగ గ్రహించి, దానికి జ్ఞాపకమును, కాలమానమును, బాహ్యప్రపంచముతోడి సంబంధమును సమకూర్చు సహాయక చిప్పులను ఒకటి రెండు వాక్యములతో సరిపుచ్చుచున్నారు. యంత్రరచనలోని వివేకము ఒక్క చిప్పునందు గాక, కార్యములను చిప్పుల నడుమ పంచిన పద్ధతియందే ప్రధానముగ గోచరించునని నిరూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తొలి నిదర్శనము 1971 నవంబరులో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004. జపాను దేశపు బిజికామ్ సంస్థ కోరిన గణనయంత్రముకొరకు పుట్టిన ఈ చిప్పు ఒంటరిగా రాలేదు. ప్రోగ్రామును భద్రపరచు 4001, అంకెలను నిలుపుకొను 4002, బయటి తీగల సంఖ్యను పెంచు 4003 దీనితో కూడి ఒకే కుటుంబముగా రూపొందినవి. సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు గల 4004కు కాళ్లు 16 మాత్రమే యగుటచే, తక్కిన చిప్పుల తోడు లేనిదే అది నిరుపయోగము.

1974లో వచ్చిన 8080 శక్తిలో ఎంతో మిన్న. అయినను దానికి మూడు వేర్వేరు వోల్టేజీలు కావలెను. గడియారపు స్పందనలకు 8224, నియంత్రణ సంకేతములకు 8228 వెంట నుండవలెను. 1976లో వెలువడిన 8085 ఈ రెండింటి పనిని తనలో నిముడ్చుకొని, 5 వోల్టుల ఒక్క సరఫరాతో తృప్తి చెందినది. 40 కాళ్లలోనే కొత్త సంకేతములకు తావు కల్పించుటకై, అడ్రసులోని దిగువ ఎనిమిది బిట్లను, డేటాను ఒకే తీగలపై నడపిరి. నాగార్జునసాగరు కుడికాలువ ఆయకట్టులో, నీరు కొరవడిన యేట రైతులు ఒకే కాలువను వంతులవారీగా వాడుకొనునట్లు, ఆ తీగలపై మొదట అడ్రసు, పిమ్మట డేటా ప్రవహించును. అడ్రసు వంతు వచ్చినదని తెలుపునది ఏఎల్ఈ అను సంకేతము. ఆ అడ్రసును పట్టి నిలుపుటకు సాధారణముగా వేరొక లాచ్ చిప్పు అవసరము. కాని 8155, 8355 చిప్పులు ఆ పనిని తమలోనే నెరవేర్చుకొనును. 256 బైట్ల జ్ఞాపకము, 22 పోర్టు తీగలు, 14 బిట్ల టైమరు మొదటిదానియందు, 2,048 బైట్ల శాశ్వత జ్ఞాపకము, 16 పోర్టు తీగలు రెండవదానియందు ఉండుటచే, మూడు చిప్పులతో పూర్ణమైన కంప్యూటరు సిద్ధించెను.

విశాలమైన యంత్రములకు మరికొన్ని చిప్పులు తోడగును. 8255 ఇరువదినాలుగు పోర్టు తీగలను, 8253 మూడు కౌంటర్లను అందించును. 8259 ఎనిమిది అంతరాయములను ప్రాధాన్యక్రమమున నిలుపును. 8257 ప్రాసెసరు ప్రమేయము లేకయే డేటాను తరలించును. 8279 మీటలను గమనించుచు అంకెలను వెలిగించును. ఇట్లు నిత్యకృత్యముల నుండి విముక్తమైన ప్రాసెసరు ముఖ్యకార్యమునందు నిమగ్నమగును. 1997లో అంగారకునిపై సంచరించిన సోజర్నరు యంత్రమునందు 80సీ85 పనిచేయుట ఈ కుటుంబపు దృఢత్వమునకు సాక్ష్యము.

తెలుగునేలపై ఎలక్ట్రానిక్సుకు పునాది వేసిన ఈసీఐఎల్, అయ్యగారి సాంబశివరావు సారథ్యమున 1967లో హైదరాబాదునందు వెలసెను. టీడీసీ-12, టీడీసీ-316 అను కంప్యూటర్లను నిర్మించిన ఆ సంస్థ, పిదప మైక్రో-78 ద్వారా మైక్రోప్రాసెసరు యుగమున ప్రవేశించెను. అటుపిమ్మట మన పాలిటెక్నిక్కులలోను, ఇంజనీరింగు కళాశాలలలోను 8085 కిట్టు పాఠ్యాంశమై, ఎన్నో తరముల విద్యార్థులకు యంత్రభాషలో తొలి గురువైనది.

అయితే ఆదేశములను కంఠస్థము చేయించి, సహాయక చిప్పులు ఏల పుట్టెనో చెప్పక విడుచుట విద్యకు లోపమే. కార్యవిభజనమును గ్రహించినవాడే నూతన యంత్రమును రచింపగలడు. కావున ఆచార్యులు పాత కిట్లను పారవేయక, ప్రతి చిప్పు ఏ యిబ్బందిని తొలగించుటకు వచ్చినదో చూపుచు బోధింతురుగాక యని ప్రార్థించుచున్నాను.