కోర్టు పాఠం పెనుకొండలో మొదలుపెడితే

లేపాక్షి గుడికి వెళ్లినవాళ్లకు గైడు తప్పకుండా ఒక గోడ చూపిస్తాడు. దానిమీద రెండు ఎర్రటి మరకలుంటాయి. పెనుకొండ సీమలో అధికారిగా ఉన్న విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని అచ్యుతదేవరాయలకు ఎవరో చాడీలు చెప్పారట. కళ్లు పీకించమని రాయలు ఆజ్ఞ ఇచ్చాడట. ఆ పని ఇంకొకరు చేయడమెందుకని విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడట. ఇది జనం చెప్పుకునే కథ, రుజువున్న చరిత్ర కాదు. కానీ హిందూపురం పిల్లలు చిన్నప్పటినుంచీ వినే ఈ కథలో విరూపణ్ణను పిలిచి “నీ జవాబేమిటి?” అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఎనిమిదో తరగతిలో న్యాయవ్యవస్థ పాఠం చెప్పే మేష్టారికి ఇంతకన్నా మంచి ఎత్తుగడ దొరకదు. పుస్తకం సుప్రీంకోర్టు, హైకోర్టు, కింది కోర్టులు అంటూ మెట్ల బొమ్మ గీసి చూపిస్తుంది. అది పరీక్షకు పనికొస్తుంది. కోర్టు ఎందుకు పుట్టిందో, ఎన్ని చేతులు మారి ఈ రూపానికి వచ్చిందో మాత్రం ఆ బొమ్మలో ఉండదు. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, ఈ మూడు ఊళ్లలో ఉంది.

1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. పన్ను వేయించేదీ, దండు నడిపించేదీ, ఆఖరి తీర్పు చెప్పేదీ రాజే. పిల్లల్ని అక్కడి గగన్‌మహల్ ముందు నిలబెట్టి ఒక్క ప్రశ్న వేస్తే చాలు: రాజు మనుషులమీదే ఫిర్యాదు ఉంటే ఎవరితో చెప్పుకోవాలి?

కుంపిణీ వచ్చాక కూడా ఆ ప్రశ్న పోలేదు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ధారపోశాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. దూరాన ఉన్న జిల్లా కోర్టులు పల్లెజనానికి అందడం లేదని అతను గట్టిగా వాదించాడు. ఫలితంగా 1816 చట్టాలు వచ్చాయి. ఊరి పెద్ద గ్రామ మునసబు అయ్యాడు. పది రూపాయల లోపు దావాలు అతనే తేల్చవచ్చు. మేలైన పనే. అయితే శిస్తు వసూలు చేసేదీ అతనే. పైన కూడా అదే వరస: అవే సంస్కరణల్లో కలెక్టరు చేతికి మేజిస్ట్రేటు అధికారమూ వచ్చింది. శిస్తు బాకీపడ్డ రైతు తన గోడు చెప్పుకోవాల్సింది ఆ శిస్తు అడిగేవాడి దగ్గరే. మన్రోను ఈ సీమ ఎంత ఆప్యాయంగా తలచుకున్నా, ఈ ముడి వేసిందీ అతనేనని పిల్లలకు చెప్పాలి.

ఆ ముడి విప్పడానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది. పాలననూ న్యాయాన్నీ వేరు చేయాలని రాజ్యాంగం 50వ అధికరణం చెప్పింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాదాపు దేశమంతటా నేర విచారణను జుడీషియల్ మేజిస్ట్రేట్లకు అప్పగించింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులనే ఎత్తేసింది. ఆ గ్రామాధికారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1985లో ఓడిపోయారు. ఓడినా, వాళ్ల వాదన పూర్తిగా విన్న తర్వాతే తీర్పు వచ్చింది.

ధర్మవరంలో పాఠం మగ్గం గుంట దగ్గరే చెప్పవచ్చు. అంచు, కొంగు ఉన్న పట్టుచీరలాంటి రకాలను చేమగ్గాలకే కేటాయించేందుకు 1985లో పార్లమెంటు చట్టం చేసింది. మరమగ్గాలవాళ్లు సవాలు చేశారు. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తేల్చింది. గుంటలో కాళ్లు పెట్టి నాడె విసిరే తండ్రికీ ఢిల్లీ తీర్పుకూ సంబంధమేమిటో నేతగాడి కూతురికి ఇట్టే అర్థమవుతుంది. చట్టం ఉన్నా మరమగ్గం చీరలు బజారులోకి ఎందుకు వస్తున్నాయని ఆ పిల్ల అడుగుతుంది. అడగనివ్వాలి.

హైకోర్టు కథ హిందూపురానిది కూడా. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికమీద సంతకం చేసినవారిలో ఈ ప్రాంతపు స్వాతంత్ర్యయోధుడు కల్లూరు సుబ్బారావు ఒకరు. రాజధానో హైకోర్టో కోరుకునే హక్కు రాయలసీమదన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాజధాని కర్నూలుకు, 1954లో హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. 1956లో రెండూ హైదరాబాదు చేరాయి. రాష్ట్ర విభజన తర్వాత, 2019 నుంచి హైకోర్టు అమరావతిలో ఉంది. హిందూపురానికి బెంగళూరు వంద కిలోమీటర్ల చుట్టుపక్కలే, అమరావతి ఐదువందల పైచిలుకు. అప్పీలుకు వెళ్లే రైతుకు దారిఖర్చు ఎంతవుతుందో లెక్క కట్టమంటే అది కూడా పౌరశాస్త్రమే.

మూడు ఊళ్లలోనూ కోర్టులున్నాయి. మామూలు కేసుల విచారణ బహిరంగంగానే జరుగుతుంది. బంట్రోతు పేరు పిలవడం, సాక్షి ప్రమాణం చేయడం, అవతలి వకీలు లేచి అడ్డుప్రశ్నలు వేయడం పిల్లలు కళ్లారా చూడవచ్చు. రాజ్యాంగ దినోత్సవమైన ఈ నవంబరు 26న రాజ్యాంగ పీఠిక చదివించి ఊరుకోకుండా, ముందుగా మండల న్యాయసేవల కమిటీతో మాట్లాడి ఒక తరగతిని ఒక పూట కోర్టుకు తీసుకెళ్లండి, మేష్టార్లూ.