సరిదిద్దని స్వరాలు

మన ఊళ్ల నుంచి ఎవరు పలకరించినా జర్మనీ గురించి రెండే అడుగుతారు: హిట్లర్ గురించి, కార్ల గురించి. రెండూ అడగవలసినవే. కానీ ఈ దేశం ఏ దారిన నడిచి ఇక్కడికి చేరిందో తెలుసుకోవాలనుకునేవారిని నేను ఒక సంగీత రచన వినమంటాను. దాని పేరు ‘హాంబుర్గ్ కన్చెర్టో’. నేను ఉంటున్న ఊరి పేరే దానికీ పెట్టారు. గ్యోర్గి లిగెటి 1998–99లో రాశాడు. 2001 జనవరిలో ఇక్కడే తొలిసారి వాయించారు. 2002లో చివరి భాగం చేరింది. ఒక హార్న్ ముందుండి నడిపిస్తుంది. వెనక చిన్న ఆర్కెస్ట్రా, దానిలోనే మీటలు లేని పాతకాలపు హార్న్‌లు మరో నాలుగు. మొత్తం కలిపి పావుగంట.

హార్న్ అంటే చుట్టలు చుట్టిన పొడవాటి ఇత్తడి గొట్టం. పుట్టింది వేటలో. 1871 దాకా జర్మనీ అనే ఒకే దేశం లేదు. ఎన్నో సంస్థానాలు, ప్రతి సంస్థానానికీ ఒక ప్రభువు, ఆయన అడవి, ఆయన వేట. జింకలు పొలంలో పడి పైరు మేస్తున్నా రైతు వాటి జోలికి పోకూడదు. పరుల భూమిలో వేటాడే ఆ హక్కును దొరల నుంచి లాక్కోవడానికి 1848 విప్లవం కావలసివచ్చింది. అందుకే చాలాకాలం ఈ కొమ్ము మోత పల్లె జనానికి అధికారం గొంతుగానే వినిపించి ఉంటుంది.

ఆ విప్లవానికి ముందే నెపోలియన్ సేనలు వచ్చాయి. హాంబుర్గ్ కొన్నేళ్లు ఫ్రెంచి సామ్రాజ్యంలో భాగమైపోయింది. పరాయి ఏలుబడిలో నలిగిన జనానికి తమ అడవులే తమ దేశమనిపించాయి. 1821లో బెర్లిన్‌లో వెబర్ ఒపెరా ‘ఫ్రైషుట్స్’ మొదలైనప్పుడు, అందులో వేటగాళ్ల పాట వెంట మోగిన హార్న్‌లు దొరలవి కావు, జనానివి. ఒక వాద్యం చేతులు మారింది.

మా ఊరి కథ ఇక్కడే కలుస్తుంది. 1826లో యోహాన్ యాకోబ్ బ్రామ్స్ అనే యువకుడు పొట్ట చేతబట్టుకుని హాంబుర్గ్ వచ్చి, నగర రక్షక దళం బ్యాండులో హార్న్ ఊదాడు. అతని కొడుకే యోహాన్నెస్ బ్రామ్స్. తండ్రి వాద్యాన్ని చిన్నప్పుడే నేర్చుకున్నాడు. తల్లి పోయిన ఏడు, 1865లో, హార్న్, వయొలిన్, పియానోలకు ఒక త్రయం రాశాడు. అప్పటికి మీటల హార్న్ వచ్చి యాభై ఏళ్లయింది. అయినా ఆయన మీటలు లేని పాత హార్న్‌నే కోరాడు.

దానికి కారణం శ్రుతిలో ఉంది, సంగీతం తెలిసిన తెలుగువారికి ఇది త్వరగా అందుతుంది. తంబూరా మీటితే ఎవరూ మీటని గాంధారం దానంతటదే పలుకుతుంది. స్వయంభు గాంధారమంటాం. మీటలు లేని హార్న్ పలికేవన్నీ అలాంటి స్వయంభు స్వరాలే. వాటిలో ఏడోది మన కైశికి నిషాదానికి కాస్త కిందుగా ఉంటుంది. పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ దాదాపు సరిగ్గా నడుమ నిలుస్తుంది. పియానోకు అలవాటుపడిన చెవికి ఇవి అపస్వరాలు. తరతరాల వాద్యకారులు హార్న్ నోట్లో చెయ్యిపెట్టి వాటిని సరిదిద్దారు. తర్వాత మీటలు ఆ పని తీసుకున్నాయి.

హాంబుర్గ్‌లోనే 1809లో పుట్టిన మరో సంగీతకర్త మెండెల్‌సోన్. షేక్‌స్పియర్ నాటకానికి ఆయన రాసిన రాత్రి సంగీతంలో హార్న్ పాడినంత మెత్తగా మరెక్కడా పాడలేదని నా నమ్మకం. ఆయన యూదు కుటుంబంలో పుట్టాడని నాజీలు ఆ సంగీతాన్ని నిషేధించారు. అదే కాలంలో నాజీ నాయకుడు గోరింగ్ రాజ్యానికంతటికీ వేట అధిపతినని బిరుదు తగిలించుకున్నాడు. అడవి, కొమ్ము మళ్లీ అధికారం చేతిలోకి పోయాయి. 1943 జూలైలో బ్రిటన్, అమెరికా విమానాలు ఈ నగరం మీద నిప్పులు కురిపించాయి. ముప్ఫై వేలకు పైగా జనం చనిపోయారు. బ్రామ్స్ పుట్టిన ఇల్లూ ఆ మంటల్లోనే పోయింది.

లిగెటి ఈ దేశం మనిషి కాడు. 1923లో ట్రాన్సిల్వేనియాలో, హంగేరియన్ మాట్లాడే యూదు ఇంట్లో పుట్టాడు. కార్పేతియన్ కొండల్లో కాపరులు ఊదే పొడవాటి కొయ్య కొమ్మును పసితనంలోనే విన్నాడు. 1944లో అతన్ని వెట్టిచాకిరీకి పట్టుకుపోయారు. పదహారేళ్ల తమ్ముడు నాజీల మౌట్‌హౌజెన్ శిబిరంలో చనిపోయాడు. తండ్రి బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో చనిపోయాడు. తల్లి ఆష్విట్స్ నుంచి బతికి వచ్చింది. యుద్ధం తర్వాత, 1951లో, ఆ కాపరుల కొమ్మును తలచుకుంటూ హార్న్‌లను వాటి సహజ శ్రుతిలోనే పలికించిన ‘రుమేనియన్ కన్చెర్టో’ రాస్తే, బుడాపెస్ట్‌లో కమ్యూనిస్టు పాలకులు దాన్ని వాయించనివ్వలేదు. 1956లో సోవియట్ ట్యాంకులు హంగేరీ తిరుగుబాటును అణచినప్పుడు రాత్రివేళ సరిహద్దు దాటి ఆస్ట్రియా చేరాడు.

అటువంటివాడు 1973లో హాంబుర్గ్ సంగీత కళాశాలలో ఆచార్యుడయ్యాడు. 1989 దాకా పాఠం చెప్పాడు. తండ్రి ప్రాణం పోయిన బెర్గెన్-బెల్సెన్ ఇక్కడికి కారులో గంటన్నర దూరమైనా లేదు. పటం ముందేసుకుని ఈ దూరం చూసిన రోజు నాకు వేరే పని చేతకాలేదు.

1982లో ఆయన బ్రామ్స్‌కు నివాళిగా ఒక హార్న్ త్రయం రాశాడు. దాని తొలి ప్రదర్శన నగరం అంచున ఉన్న బెర్గెడోర్ఫ్‌లో జరిగింది. ఆ ప్రాంతంలోనే నొయెన్‌గామె ఉంది. అది నాజీల నిర్బంధ శిబిరం. దానిలోనూ దాని ఉపశిబిరాల్లోనూ నలభై వేలకు పైగా మనుషులు ప్రాణాలు కోల్పోయారు. యుద్ధం ముగిశాక నగరపాలకులు అక్కడ ఏం చేశారో వినండి. ఆ నేల మీదే జైళ్లు కట్టారు. మొదటి చిన్న స్మారక ప్రదర్శనశాల తెరవడానికి 1981 దాకా పట్టింది. చివరి జైలు 2006లో గాని మూతపడలేదు. అంటే హాంబుర్గ్ కన్చెర్టో మొదట మోగిన 2001లో శిబిరం నేల మీద ఇంకా ఖైదీలున్నారు. జర్మనీ తన పాపాన్ని ఒప్పుకున్న దేశమని మనం పొగుడుతాం. నిజమే, నేనూ పొగుడుతాను. కానీ ఆ ఒప్పుకోలు ఒక్కరోజులో, ఒక్క నాయకుడితో జరగలేదు. బతికి బయటపడినవాళ్లు పదేపదే అడిగితే, తర్వాతి తరం పిల్లలు ఇంట్లో, బడిలో నిలదీస్తే, గజం గజంగా జరిగింది.

ఇప్పుడు కన్చెర్టో దగ్గరికి రండి. నాలుగు పాత హార్న్‌లు వేర్వేరు శ్రుతుల్లో ఉంటాయి. చెయ్యిపెట్టి సరిదిద్దకుండా ఉన్నది ఉన్నట్టు ఊదాలి. ఏడో స్వరం కిందికే జారుతుంది, పదకొండోది నడుమనే నిలుస్తుంది. వాటి మధ్య ముఖ్య వాద్యకారుడు మీటల హార్న్‌తో ఒకసారి, మీటలు లేనిదానితో ఒకసారి పలుకుతాడు. మొదటిసారి వింటే వాద్యాలకు శ్రుతి కుదరలేదేమో అనిపిస్తుంది. ఓపిక పట్టండి. రెండో భాగంలో సంకేతాలు, నాట్యం, చర్చి కీర్తన ఒకదాని వెంట ఒకటి తొంగిచూస్తాయి. ఏదీ ముగింపు దాకా సాగదు. చివరి ‘హిమ్నుస్’ నాకు అన్నిటికంటే ఇష్టం. నింపాదిగా, బరువుగా సాగుతుంది, విజయగీతం మాత్రం కాదు.

లిగెటి ఇందులో చరిత్ర చెప్పదలిచాడని నేను అనను. ఈ రచనకు కథ లేదు. అతన్ని లాగింది స్వరాల ఆకర్షణే. అయినా ఈ ఊళ్లో ఉంటూ వింటుంటే చరిత్రను పక్కన పెట్టడం నావల్ల కాదు. దొరలు, జనం, నాజీలు తలా ఒకసారి పట్టుకున్న కొమ్మును, ఆ నాజీల వల్ల ఇంటివాళ్లను పోగొట్టుకున్న మనిషి తీసుకుని, బాల్యంలో విన్న కాపరి శ్రుతిలోకి మళ్లించి, దానికి ఈ ఊరి పేరు పెట్టాడు. ఇంతకంటే గొప్ప గౌరవం హాంబుర్గ్‌కు దక్కలేదు.

మీరు ముందు బ్రామ్స్ త్రయం, ఆ తర్వాత ఇది వినండి. ఇంట్లో తంబూరా ఉంటే రెండిటి నడుమ కాసేపు దాన్ని మీటండి. తొలి ప్రదర్శనలో వాయించిన మారీ-లూయీజె నాయ్‌నెకర్, ఆస్కో బృందంతో చేసిన రికార్డింగు ఉంది. దానితోనే మొదలుపెట్టండి.