చేతి తుపాకీ బహిరంగ ధారణ, ప్రచ్ఛన్న ధారణ: కోనసీమలో వర్తించు చట్టం

లైసెన్సు పొందిన రివాల్వరును నడుముకు అందరికీ కనిపించునట్లు కట్టుకొని వీధిలో తిరుగవచ్చునా? దుస్తుల చాటున ఉంచుకొన్నచో నేరమగునా? డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల విలేకరులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఎన్నికల వేళ, తీర్థాల వేళ ఈ సందేహం ఎదురుకాగలదు. పైకి కనబరచినవాడు నిజాయితీపరుడు, దాచినవాడు దోషి అని సామాన్యుని ఊహ. లైసెన్సుదారు విషయమున చట్టం ఇందుకు విరుద్ధముగా ఉన్నది.

ఈ రెండు మాటలు అమెరికా సంయుక్త రాష్ట్రాల నుండి వచ్చినవి. అచ్చట పలు రాష్ట్రాలు బహిరంగ ధారణకు ఒక నియమం, ప్రచ్ఛన్న ధారణకు మరొక నియమం ఏర్పరచుకొన్నవి. తెలుగువారు అధిక సంఖ్యలో స్థిరపడిన టెక్సాస్‌లో లైసెన్సుదారులు చేతి తుపాకీని ఒరలో ఉంచి బహిరంగముగా ధరించుటకు 2016 జనవరి 1 నుండి అనుమతి లభించినది. 2021 సెప్టెంబరు 1 నుండి, 21 సంవత్సరములు నిండి ఇతర అనర్హతలు లేనివారికి ఆ లైసెన్సు అవసరం కూడా తొలగినది. మన దేశమున బహిరంగ ధారణకు ఒకటి, ప్రచ్ఛన్న ధారణకు మరొకటి అని రెండు లైసెన్సులు లేవు. ఆయుధం కలిగి ఉండుట ఇచ్చట హక్కు కాదు. ప్రభుత్వం షరతులకు లోబడి ఇచ్చు అనుమతి మాత్రమే.

1878 నాటి చట్టం స్థానే వచ్చిన ఆయుధముల చట్టం, 1959, 1962 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నది. దీని 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరును తుపాకీ గాని, తూటా గాని సంపాదించరాదు, కలిగి ఉండరాదు, వెంట తీసికొని పోరాదు. 2019 డిసెంబరు 14న అమలులోనికి వచ్చిన సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల గరిష్ఠ సంఖ్య 3 నుండి 2కు తగ్గినది. లైసెన్సు కాలపరిమితి 3 నుండి 5 సంవత్సరములకు పెరిగినది. సాధారణ పౌరునికి లభించు చేతి తుపాకీ .32 వంటి నిషేధేతర శ్రేణికి చెందినది. 9 ఎం.ఎం. పిస్తోలు నిషిద్ధ శ్రేణిలోనిది. నిషేధేతర ఆయుధాలకు లైసెన్సు అధికారి జిల్లా మేజిస్ట్రేటు. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా ఏర్పడువరకు కోనసీమవాసులు ఇందుకు కాకినాడలోని తూర్పు గోదావరి కలెక్టరేటును ఆశ్రయించవలసి వచ్చెడిది. ఆ తర్వాత ఆ అధికారం అమలాపురమునకు వచ్చినది.

అసలు విషయం 2016 జూలైలో జారీ అయిన ఆయుధముల నిబంధనలలో ఉన్నది. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని శరీరమునకు తగిలించిన ఒరలో గాని, వీపు సంచి వంటి దానిలో గాని మాత్రమే తీసికొని పోవలెను. అది పూర్తిగా కప్పబడి ఉండవలెను. ధరించినవారి అదుపులో ఉండవలెను. కావున లైసెన్సుదారు రివాల్వరును చొక్కా కింద ఒరలో ఉంచుకొనుట దాపరికం కాదు, నిబంధన పాటించుటయే. దానిని బయటకు తీసి ఝళిపించుట, జనసమ్మర్దంలో చూపుట లైసెన్సు రద్దుకు దారితీయగల చర్యలు. వివాహములు, ఊరేగింపులలో ఉత్సాహము కొలది ఇతరుల ప్రాణములకు ముప్పు కలుగునట్లు కాల్పులు జరిపినచో 2 సంవత్సరముల వరకు జైలు గాని, 1 లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని 2019 సవరణ ప్రత్యేకముగా చేర్చినది.

లైసెన్సు పత్రముపైననే మరొక షరతు కలదు. సంతలకు, మతపరమైన ఊరేగింపులకు, బహిరంగ సమావేశాలకు, విద్యాసంస్థల ఆవరణలోనికి ఆయుధం తీసికొని పోరాదు. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు గాని, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు గాని లైసెన్సుదారు తన తుపాకీతో వెళ్లరాదన్నమాట. కప్పి ఉంచితిని గదా అను వాదన ఇచ్చట చెల్లదు. లైసెన్సు షరతు ఉల్లంఘనకు 30వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండును విధింపవచ్చును.

లైసెన్సే లేనివాని విషయం వేరు. అతనికి 25వ సెక్షన్ వర్తించును. 2019 తర్వాత నిషేధేతర తుపాకీకి 2 నుండి 5 సంవత్సరములు, నిషిద్ధ ఆయుధమునకు 7 నుండి 14 సంవత్సరముల జైలు శిక్ష కలదు. ప్రచ్ఛన్న ధారణ అను మాటకు మన చట్టంలో దగ్గరగా నిలుచునది 26వ సెక్షన్. 3వ సెక్షన్ మొదలగు వాటిని, ప్రభుత్వోద్యోగుల కంటగాని, రైలు, వాహన సిబ్బంది కంటగాని పడకూడదను ఉద్దేశం వెల్లడగునట్లు ఉల్లంఘించినచో 6 నెలలకు తక్కువ కాకుండా 7 సంవత్సరముల వరకు జైలు, జరిమానా విధింపబడును. ఇచ్చట శిక్షార్హమైనది చాటుగా చేసిన ఉల్లంఘన. ఉల్లంఘన లేనప్పుడు, ఒరలో కప్పి ఉంచిన మాత్రాన 26వ సెక్షన్ రాదు. "లైసెన్సు తుపాకీ దాచినందుకు కేసు" అని వార్త వ్రాయుటకు ముందు విలేకరులు ప్రథమ సమాచార నివేదికలో ఏ సెక్షన్ ఉన్నదో చూచుకొనుట మంచిది. 30కి, 26కు మధ్య దూరం ఆరు నెలలకు, ఏడేండ్లకు మధ్యనున్న దూరం.

ఆయుధం ధరించిన ఎవరినైనను లైసెన్సు చూపుమని కోరు అధికారం 19వ సెక్షన్ పోలీసు అధికారికి ఇచ్చుచున్నది. 20వ సెక్షన్ ఇంకొక అడుగు ముందున్నది. చట్టవిరుద్ధ ప్రయోజనమునకు ఆయుధం తీసికొని పోవుచున్నట్లు న్యాయమైన అనుమానం కలిగినచో, లైసెన్సు ఉన్నను లేకున్నను, వారంటు లేకుండ అరెస్టు చేసి ఆయుధమును స్వాధీనపరచుకొనవచ్చును.

కొబ్బరి దింపు కార్మికుడు నడుమున కత్తితో సైకిలుపై పోవుట కోనసీమలో నిత్యం కనిపించు దృశ్యం. కేవలం గృహ, వ్యవసాయ అవసరములకు రూపొందిన వస్తువులను ఆయుధముల నిర్వచనం నుండి చట్టం మినహాయించినది గనుక అతనికి ఏ లైసెన్సూ అక్కరలేదు. ఇతర ఖడ్గాలకు, 9 అంగుళములకు మించిన పొడవు గాని 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులకు సైతం, 4వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలలోనే లైసెన్సు కావలెను. దసరాకు అమలాపురం వీధులలో సాగు చెడీ తాలింఖానా కత్తిసామును తుపాకీ నిబంధనలతో కలిపి చూడరాదు. అయితే అదే కత్తిని తగవులో ఎత్తినచో అది పనిముట్టుగా మిగలదు.

నిషేధాజ్ఞలు వెలువడినప్పుడు ఈ తేడాలు చాలవరకు వెనుకకు పోవును. జిల్లా పేరు మార్పు విషయమై 2022 మే 24న అమలాపురంలో జరిగిన హింసలో ఒక మంత్రి, ఒక శాసనసభ్యుని ఇండ్లు దగ్ధమైనవి. అప్పుడు నేర విచారణ స్మృతి 144వ సెక్షన్ అమలైనది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ వచ్చినది. సదరు ఉత్తర్వు ఆయుధ ధారణను నిషేధించినచో లైసెన్సు అందుకు సమాధానం కాజాలదు. ఉల్లంఘన భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద శిక్షార్హం.

ఎన్నికల షెడ్యూలు వెలువడిన పిదప ఎన్నికల సంఘం ఆదేశముల మేరకు జిల్లా పరిశీలన కమిటీ లైసెన్సులను సమీక్షించి ఆయుధముల డిపాజిట్‌కు ఆదేశించును. పోలింగు కేంద్రమునకు గాని దాని సమీపమునకు గాని ఆయుధంతో వెళ్లుటను ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 134బి సెక్షన్ నిషేధించినది. విధి నిర్వహణలోని పోలీసులు, ఎన్నికల సిబ్బంది వంటివారికి మాత్రం మినహాయింపు. శిక్ష 2 సంవత్సరముల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును. దోషిగా తేలినచో ఆయుధం జప్తగును, లైసెన్సు రద్దయినట్లే భావింపబడును.

విదేశముల నుండి వచ్చువారి విషయమొకటి. టెక్సాస్‌లో చెల్లిన ధారణ హక్కు శంషాబాదు విమానాశ్రయంలో చెల్లదు. 10వ సెక్షన్ ప్రకారం ఆయుధం దిగుమతికి ప్రత్యేక లైసెన్సు కావలెను. సంచి మూల మరచిపోయిన ఒక్క తూటా కూడ కేసునకు కారణం కాగలదు. అయితే నేరము నిలుచుటకు అది తన వద్ద ఉన్నదను ఎరుక అవసరమని గున్వంత్‌లాల్ కేసులో 1972లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అట్టివారికి ఆధారముగా నిలుచుచున్నది.