సికిందరాబాదులో బయల్పడిన దోమ రహస్యము

మలేరియా యను పేరు ఇటలీ భాషనుండి వచ్చినది. దానికి చెడుగాలి యని యర్థము. బురదనేలల గాలియే యీ చలిజ్వరమునకు మూలమని పాశ్చాత్యులు చిరకాలము నమ్మిరి. మన్యపు నీరు త్రాగినచో జ్వరము తప్పదని మన పెద్దలును చెప్పెడివారు.

1880లో అల్జీరియా దేశమున లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తమునందు మలేరియా క్రిమిని కనుగొనెను. అది యొకరినుండి వేరొకరికి చేరు మార్గము మాత్రము తెలియలేదు. ఇందు దోమకు సంబంధ ముండవలెనని పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడూహించి, రోనాల్డ్ రాస్‌ను పరిశోధనకు పురికొల్పెను.

రాస్ 1857లో అల్మోరాలో జన్మించెను. భారత వైద్యశాఖలో నుద్యోగి. సికిందరాబాదు చెంత బేగంపేట సైనిక వైద్యశాలలో హుస్సేన్ ఖాన్ అను రోగిని దోమలచే కుట్టించి, దోమకొక అణా చొప్పున వానికిచ్చెను. పిదప ఆ దోమలను చీల్చి సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, 1897 ఆగస్టు 20వ తేదీన మచ్చలరెక్కల దోమ కడుపున ఆ క్రిమి యగపడెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమకాటు వలననే వ్యాధి సంక్రమించునని నిరూపించెను. అదే యేడు ఇటలీలో గ్రాస్సీ మొదలగువారు మనుష్యుల విషయమునను దీనిని స్థిరపరచిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఇంతటి సత్యమునకు తొలి సాక్ష్యము దొరకినది మన తెలుగునేల మీదనే. కాని తెలియుట వేరు, ఆచరించుట వేరు. గత వర్షకాలమున ఈ వ్యాసమునకై పుస్తకములు తిరుగవేసి, గ్రంథాలయము వెనుక తొట్టికడ చేతులు కడుగబోతిని. నీటినిండ దోమపిల్లలు! రాస్ కథ మన బీరువాలోను, దోమపిల్లలు మన తొట్టిలోను ఉన్నవి. ఏండ్ల తరబడి ఆ నీటినే వాడుచు ఒక్కనాడైన పరికింపనందులకు సిగ్గుపడితిని. ఆ దినముననే తొట్టిని తోమించితిమి.

లెక్కలు వ్రాయువాడను గనుక ఒక్క లెక్క మనవి చేసెదను. గ్రుడ్డునుండి రెక్కలు వచ్చు వరకు దోమకు సుమారు ఎనిమిది పది దినములు పట్టును. కావున వారమునకొకమారు నిలువనీరు పారబోసినచో, అందలి దోమలు రెక్కలు రాకమునుపే నశించును. డెంగ్యూ, చికున్‌గున్యాలను తెచ్చు చారలదోమ తొట్లలోను, కొబ్బరిచిప్పలలోను, పాత టైర్లలోను నిలిచిన నీటిలో పెరుగును. దాని గ్రుడ్లు తడి యారినను నెలలకొలది బ్రతుకును గాన, తొట్టి గోడలను గూడ తోమవలెను. అది పగటివేళ కుట్టును; ఒడలు కప్పు వస్త్రములు ధరింపవలెను. మలేరియా దోమ రాత్రివేళ కుట్టును, దోమతెర కట్టుకొనవలెను. బోదకాలు తెచ్చు దోమ మురుగునీట పెరుగును, కాలువలను పారనీయవలెను. జ్వరము వచ్చినచో ఆలస్యము చేయక రక్తపరీక్ష చేయించుకొనవలెను.

చదువరులారా! పుస్తకమును తిరిగి యిచ్చుటకు గడువు తప్పనట్లే, తొట్టి తోముటకును వారము గడువు తప్పకుందురుగాక.