వేణువు: ఊపిరికి మనిషి నేర్పిన నడక



విశ్రాంతిగా కూర్చున్న పెద్దవారు నిమిషానికి సుమారు 12 నుంచి 16 సార్లు ఊపిరి పీల్చి వదులుతారు. పీల్చడానికి ఉదరవితానమనే కండరం పనిచేయాలి. వదలడానికి ప్రయత్నమేమీ అక్కరలేదు. సాగిన రబ్బరు తిరిగి ముడుచుకున్నట్లు ఊపిరితిత్తులు తమంత తామే ముడుచుకుంటాయి. ఇలా అప్రయత్నంగా జారిపోయే నిశ్వాసాన్ని పట్టి నిలిపి, సన్నని ధారగా సాగదీసి, దానిచేత పలికించడమే వేణువాదనం. ఈ వాద్యం చరిత్ర తెలిస్తే, దీనిని కొత్తగా చేపట్టినవారికి మొదట ఎదురయ్యే కష్టం వేళ్లలో కాక ఊపిరిలో ఎందుకుంటుందో అర్థమవుతుంది.

2008లో జర్మనీ నైరుతి ప్రాంతంలోని హోలె ఫెల్స్ గుహలో పురాతత్త్వవేత్తలకు ఒక పిల్లనగ్రోవి ముక్కలుగా దొరికింది. రాబందు రెక్క ఎముకతో చేసిన ఆ వాద్యం పొడవు దాదాపు 22 సెంటీమీటర్లు, వ్యాసం 8 మిల్లీమీటర్లు. దానికి వేళ్ల కోసం తొలిచిన రంధ్రాలు ఐదు. వయస్సు 35,000 సంవత్సరాలకు పైమాటే. ఎగిరే పక్షుల రెక్క ఎముకలు సాధారణంగా తేలికగా, బోలుగా ఉంటాయి. ప్రకృతి సిద్ధం చేసి ఉంచిన ఆ గొట్టానికి మనిషి రంధ్రాలు మాత్రమే తొలిచాడు. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో, జియాహు అనే చోట క్రౌంచజాతి పక్షి ఎముకలతో చేసిన వేణువులు వెలుగుచూశాయి. అవి ఏడు వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ల నాటివి. వాటిలో చెక్కుచెదరని ఒకదానిని మన కాలంలో ఊదినప్పుడు అది పలికింది!

మన దేశంలో ఎముక స్థానాన్ని వెదురు ఆక్రమించింది. వాద్యాలను తత, సుషిర, అవనద్ధ, ఘనములని నాలుగు తెగలుగా విభజించిన నాట్యశాస్త్రం వేణువును సుషిర వాద్యాలలో చేర్చి, దానికి ‘వంశ’మనే పేరు వాడింది. వంశమంటే వెదురే. మన అమరావతి స్తూప శిల్పాలలోనూ వేణువును అడ్డంగా పట్టి ఊదే వాద్యకారులు కనిపిస్తారు.

చాలాకాలం ఇతర వాద్యాల నడుమ ఒదిగి ఉన్న వేణువును కర్ణాటక సంగీత సభలో ప్రధాన వాద్యంగా కూర్చోబెట్టిన కీర్తి కుంభకోణం శరభశాస్త్రి (1872–1904) గారిది. ఆయన చిన్ననాటనే చూపు కోల్పోయారు, కేవలం 32 ఏళ్లు జీవించారు. ఆయన శిష్యులు పల్లడం సంజీవరావు ఆ బాటను కొనసాగించారు. తరువాత ‘మాలి’గా ప్రసిద్ధులైన టి.ఆర్. మహాలింగం (1926–1986) వేళ్లు మూసే పద్ధతిని మార్చి, గాత్రంలో పలికే గమకాలను వెదురులో పలికించారు. ఉత్తరాదిన పన్నాలాల్ ఘోష్ (1911–1960) పొడవైన వేణువును రూపొందించి, దానికి మంద్రస్థాయి గాంభీర్యాన్ని తెచ్చారు. ఐరోపాలో థియోబాల్డ్ బోమ్ 1847లో లోహపు మీటలతో కూడిన స్థూపాకార వేణువును తీర్చిదిద్దారు.

ఇన్ని మార్పులలోనూ ఒకటి మారలేదు. సన్నాయికి పీక ఉంది, హార్మోనియానికి తిత్తి ఉంది. అడ్డంగా పట్టే వేణువులో పెదవికీ స్వరానికీ నడుమ మరొక సాధనం లేదు. పెదవుల నుంచి వెలువడిన గాలిధార రంధ్రపు అవతలి అంచును తాకి, లోపలికీ వెలుపలికీ వేగంగా ఊగుతుంది. ఆ ఊపుతో గొట్టంలోని గాలి కంపిస్తుంది. అదే స్వరం. కనుక గాలిని రంధ్రం లోనికి నింపకూడదు, అంచు మీదుగా పోనివ్వాలి. ఖాళీ సీసా మూతిపై ఊది ‘భోం’మనిపించిన వారందరికీ ఈ కిటుకు తెలిసినదే.

కొత్తగా నేర్చుకునేవారు వేళ్లు సులువుగా అందే మధ్యరకం వేణువును ఎంచుకోవాలి. మరీ పొడవైనది వద్దు. వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా ఉంచి కూర్చోవాలి. మొదట ఏ రంధ్రమూ మూయకుండా, క్రింది పెదవిని ఊదే రంధ్రం అంచుకు ఆనించి, పెదవుల మధ్య సన్నని సందు ఉంచి ఊదాలి. బుస్సుమనే గాలి చప్పుడే తప్ప నాదం రాకపోతే బలం పెంచవద్దు. వేణువును ఇటు అటు కొద్దిగా త్రిప్పి చూడండి. నాదం నిలిచాక, కర్ణాటక పద్ధతిలో ఊదే రంధ్రం వైపునుంచి మొదటి రెండు రంధ్రాలను, హిందుస్తానీ పద్ధతిలో మూడింటిని మూస్తే షడ్జమం వస్తుంది. వేలి కొనతో కాక వేలి మెత్తతో మూయాలి. వెంట్రుకవాసి సందు మిగిలినా స్వరం కీచుమంటుంది.

ఇక వైద్యుడిగా చెప్పవలసిన మాట. తొలిరోజులలో ఈ వాద్యం తల తిరిగేలా చేస్తుంది. అది బలహీనతకు గుర్తు కాదు. గాలిని పొదుపు చేయడం తెలియక గబగబా పీల్చి వదలడం వలన రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. అందుచేత మెదడు రక్తనాళాలు కొంత సంకోచించి, తల తేలినట్లు, పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కినట్లు అనిపిస్తుంది. వెంటనే వేణువు ప్రక్కన పెట్టి మామూలుగా శ్వాసిస్తే సాధారణంగా కొద్ది నిమిషాలలో సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోయినా, గుండెలో నొప్పి గాని, ఆయాసం గాని తోడైనా వైద్యుని చూడాలి. పూటకు పది నిమిషాల సాధన మొదట చాలు. ఇతరులు ఊదిన వేణువును శుభ్రపరచకుండా నోటికి ఆనించకండి.

వేణువు ఊదితే ఉబ్బసం నయమవుతుందనే మాటలు మీ చెవిన పడితే నమ్మి ఇన్‌హేలర్ మానవద్దు. నిదానంగా ఊపిరి విడవడం మనసుకు నెమ్మదినీ, శ్వాసపై అదుపునూ ఇవ్వవచ్చు. వాచి ముడుచుకుపోయిన శ్వాసనాళాలకు మాత్రం మందే కావాలి, దానిని మానితే ప్రాణం మీదికి వస్తుంది. ఇటీవల కంటికి గాని, హెర్నియాకు గాని శస్త్రచికిత్స జరిగినవారు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి చికిత్స పొందినవారు ముందుగా తమ వైద్యుని అనుమతి తీసుకోవాలి.

తక్కినవారికి వయస్సు అడ్డంకి కాదు. వారం రోజులు ఊదినా నాదం రాలేదని వేణువును అటకెక్కించకండి. పక్షి ఎముకను తొలిచిన ఆ గుహావాసి కూడా మొదట వినినది వట్టి గాలి చప్పుడే అయి ఉండాలి.