మదరాసు కార్మిక సంఘము – 1926 నాటి చట్టము

భారతదేశమున తొలి కార్మిక సంఘమేది? ఈ ప్రశ్నకు చరిత్రకారులు రెండు విధములుగా సమాధానము చెప్పుచున్నారు. 1890 ప్రాంతమున బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే నడపిన మిల్లు కార్మికుల సమాజమే మొదటిదని కొందరును, 1918 ఏప్రిల్ 27న పెరంబూరులో వెలసిన మదరాసు కార్మిక సంఘమే మొదటిదని మరికొందరును అందురు. ప్రాథమ్యమునుగూర్చిన ఈ వాదముకంటె, సంఘముగా కూడు హక్కు కార్మికునకు చట్టమున ఎట్లు లభించినదను ప్రశ్న ముఖ్యతరమని మా అభిప్రాయము.

లోఖండే చేసిన మేలు స్వల్పము కాదు. బొంబాయి మిల్లులలో ఆదివారము సెలవు దొరకుట ఆయన కృషిఫలమే. అయినను ఆ సమాజమునకు సభ్యుల పట్టికగాని, నిధిగాని, నియమావళిగాని లేవు. అది కార్మికుల పక్షమున అర్జీలు సమర్పించిన సంస్థ. మదరాసు సంఘమో, చందా చెల్లించిన సభ్యుల బలముపై నిలిచినది. ఈ భేదము పరిశోధకులు విస్మరింపరానిది.

మదరాసు సంఘమునకు బీజము వేసినవారు జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు. బిన్నీ కంపెనీ నిర్వహణలోనున్న బకింగ్‌హాము, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు తమ కష్టములను వీరితో చెప్పుకొనిరి. భోజనవిరామము చాలకుండుట, కొలది ఆలస్యమునకే కూలి పోవుట అందు ముఖ్యములు. వీరి ప్రార్థనపై దివ్యజ్ఞాన సమాజమునకు చెందిన బి. పి. వాడియా అధ్యక్షత వహించెను. తమిళ పండితుడు తిరు. వి. కల్యాణసుందర మొదలియారు ఉపాధ్యక్షుడయ్యెను.

నాటి చట్టములు కార్మికునకు అనుకూలములు కావు. బయానా తీసికొని పని మానిన కూలివానిని మేజిస్ట్రేటు శిక్షింపగల 1859 నాటి చట్టము ఇంకను అమలులో నుండెను. అది రద్దగుట 1925లో. ఇంగ్లండులో 1906 నాటి చట్టము సంఘములను నష్టపరిహారపు దావాలనుండి కాపాడెను. మనదేశమున అట్టి రక్షణ లేదు.

ఈ లోపము 1920లో బయటపడినది. ఆ సంవత్సరము అక్టోబరులో బకింగ్‌హాము మిల్లులో తగవు ముదిరి లాకౌటుకు దారితీసెను. కార్మికులచే ఒడంబడికను భంగపరపించుచున్నారని వాడియా మున్నగువారిపై కంపెనీ హైకోర్టులో దావా వేసి, వారి నడ్డగించు ఉత్తర్వును పొందెను. డిసెంబరులో పోలీసు కాల్పులును జరిగెను. తుదకు 1921 ఆరంభమున వాడియా సంఘముతో సంబంధము వదలుకొనుటకు అంగీకరింపగా దావా సమసిపోయెను. నాడు ఆంధ్ర జిల్లాలును మదరాసు రాజధానిలోనివే. ఆ హైకోర్టు అధికారము వానిపైనను ఉండెను. కావున ఈ ముప్పు పెరంబూరునకు మాత్రమే పరిమితము కాదు.

దావా ఫలితముగా నాయకుడు తొలగెను. పిదప 1921 జూను మొదలు అక్టోబరు వరకు సాగిన సమ్మెలో మరియొక బలహీనత గోచరించినది. ఆదిద్రావిడ కార్మికులలో పెక్కురు పనిలోనికి పోయిరి. తక్కినవారు మిల్లు వెలుపల నిలిచిరి. పులియాంతోపులో ఘర్షణలు, కాల్పులు సంభవించెను. సమ్మె విఫలమయ్యెను. దీనిని కేవలము కంపెనీ తంత్రమని వ్రాయుట చాలదు. పేటలో వేరుగా నుంచబడినవారు సంఘమున మాత్రము ఒక్కటై నిలువవలెనని కోరుట ఎంతవరకు న్యాయమో విచారింపవలసియున్నది.

మదరాసు దావా దేశమంతట కలవరము కలిగించెను. 1921 మార్చిలో ఎన్. ఎం. జోషి కేంద్ర శాసనసభలో సంఘముల రక్షణకు చట్టము కావలెనని తీర్మానము ప్రవేశపెట్టెను. ఐదేండ్ల పిదప 1926 నాటి కార్మిక సంఘముల చట్టము వచ్చెను. ఏడుగురు సభ్యులు చేరి సంఘమును రిజిస్టరు చేసికొనవచ్చును. 17వ సెక్షను నేరపూరితమైన కుట్ర యను అభియోగమునుండియు, 18వ సెక్షను ఒడంబడికను భంగపరపించిరను దావానుండియు రక్షణ నొసగెను. కార్యవర్గమున సగమునకు తక్కువ కాకుండ కార్మికులే యుండవలెనను 22వ సెక్షను, తక్కిన స్థానములలో వాడియావంటి బయటివారికి తావిచ్చినది. ఆ యేడే అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు వి. వి. గిరి అధ్యక్షుడయ్యెను.

అనగా, పెరంబూరు కార్మికులు న్యాయస్థానమున ఓడినదే చట్టమున హక్కుగా రూపొందినది. 2020లో ఆమోదము పొందిన పారిశ్రామిక సంబంధముల స్మృతి 1926 నాటి చట్టమునకు బదులుగా ఏర్పడినది. ఆ స్మృతిని చదువువారు దావాకు దొరకిన సమాధానమును, 1921 సమ్మె అడిగిన ప్రశ్నను వేరువేరుగా చూడవలెను. మొదటిదానికి చట్టము సమాధానము చెప్పినది. రెండవదానికి చట్టమొక్కటే చెప్పజాలదు.