పరహేజ్ దిగే మెట్లు

కారంపూడిలో ఉంటున్న మా ఖాలూ బక్రీద్‌కి ముందు పద్దెనిమిది రోజులు అన్నం ముట్టలేదు. ఫోన్లో ఏదో వీడియో చూసి ‘క్లెన్సింగ్’ మొదలుపెట్టాడు. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం దోసకాయ రసం, రాత్రి ఇంకేదో పచ్చరసం. ఏడు కిలోలు తగ్గాడు. వచ్చినవాళ్లందరికీ వదులైన బెల్టు చూపించి మురిసిపోయాడు. ఈద్ రోజు నమాజ్ నుంచి వచ్చాక, ఇక డైట్ ఖతం అని దస్తర్‌ఖాన్ మీద కూర్చుని, కలేజీ, బిర్యానీ, పైన సేమియా ఖీర్ కడుపునిండా లాగించాడు. అసర్ వేళకి చేతులు వణుకు, గుండె దడ, నిలబడితే కాళ్లు తేలిపోతున్నాయి. నరసరావుపేట దవాఖానాకి తీసుకెళ్తే అక్కడి డాక్టర్ “ఇవ్వాళ ఏం తిన్నాడు?” అని అడగలేదు. “అంతకుముందు ఎన్నాళ్లు తినలేదు?” అన్నాడు.

ఆ సవాల్ వెనక చాలా పాత చరిత్ర ఉంది.

‘లంఖణం పరమౌషధం’ అనే మాట మనందరికీ యాదుంది. దాని వెనకే నడిచే పత్యం మాత్రం యాద్ లేదు. వెనకటికి జ్వరం తగ్గినవాడికి తలకు పోసి, మెత్తటి అన్నంలో చారు పోసి, బీరకాయో పొట్లకాయో వండిపెట్టేవాళ్లు. హిందువుల ఇంట్లోనూ అదే, మన ఇంట్లోనూ అదే. ఇది ముసలమ్మల చాదస్తం కాదు. శరీరాన్ని శుద్ధి చేశాక మామూలు తిండికి ఎట్లా రావాలో చరక సంహిత వరసగా చెప్పింది. దాని పేరు సంసర్జన క్రమం. ముందు పేయ, అంటే పల్చటి గంజి. తర్వాత విలేపి, చిక్కటి జావ. ఆ తర్వాత పప్పుకట్టు, మొదట ఉప్పూ నెయ్యీ లేకుండా, తర్వాత వాటితో. చివరికి మాంసరసం, మన భాషలో షోర్బా. శుద్ధి గట్టిగా జరిగితే పన్నెండు పూటలు ఇట్లా దిగాలి, తేలికగా జరిగితే తక్కువ చాలు. ఎంత ఎక్కితే అన్ని మెట్లు దిగాలన్న లెక్క.

మన హకీంలదీ ఇదే దారి. యునానీలో ముంజిజ్, ముస్‌హిల్ అని ఒక ఇలాజ్ ఉంది. కొన్నాళ్లు ముంజిజ్ ఇచ్చి ఒంట్లో పేరుకున్న ఖిల్త్‌ని పక్వానికి తెస్తారు. తర్వాత సునాముఖి (మనం సనా అంటాం), రేలగుజ్జు లాంటి వాటితో విరేచనం చేయిస్తారు. అక్కడితో ఇలాజ్ అయిపోదు. ముస్‌హిల్ మర్నాడు తబ్రీద్, అంటే చల్లబరిచే దవా. గిజా పెసరపప్పు ఖిచిడీ, అదీ జారుగా. హకీం గారి నుస్ఖాలో కడుపు ఖాళీ చేసే దవా ఎంత ముఖ్యమో, ఆ ఖిచిడీ కూడా అంతే.

మరో గొప్ప లఫ్జ్ కూడా మన దగ్గరుంది: నఖాహత్. రోగం పోయింది, ఆరోగ్యం ఇంకా రాలేదు, ఆ మధ్యలోని బలహీనత అది. హజ్రత్ అలీ (రజి) జబ్బు నుంచి లేచిన కొత్తల్లో, ఉమ్ముల్ ముంజిర్ గారింట్లో వేలాడుతున్న ఖర్జూర గెలల నుంచి తినబోతే ప్రవక్త (స) ఆపారట, నువ్వింకా కోలుకుంటున్నావని. ఆమె ఆకుకూర, బార్లీ కలిపి వండి తెస్తే అది తినమన్నారట. అబూ దావూద్, తిర్మిజీలో ఉన్న సంఘటన ఇది. ఖర్జూరం హరామా? కాదు. మంచి గిజాయే. వేళ కాదంతే.

రంజాన్ రోజాకీ దీనికీ పోలిక పెట్టకండి. రోజా మగ్రిబ్‌తో తెగుతుంది, రాత్రి తిండి ఉంటుంది. రోజుల తరబడి రసాల మీద బతికిన ఒళ్లు వేరు.

మరి ఈ మెట్లు ఎక్కడ జారిపోయాయి? నాకు తోచింది చెప్తాను. లైప్‌జిగ్‌కి చెందిన లూయీ కూనే ప్రకృతి చికిత్స గురించి రాసిన కితాబ్‌ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లో తెలుగు చేశారు. ఈ దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం దానితోనే మొదలైందని చెప్తారు. హిందీకీ ఉర్దూకీ అది 1904లో చేరింది, బిజ్నోర్‌కి చెందిన శ్రోతి కిషన్ స్వరూప్ ద్వారా. అంటే ఈ విషయంలో తెలుగు మనకి ఉర్దూ కంటే పదేళ్లు ముందుంది! ఆ ఉద్యమంలోని పెద్దలు ఉపవాసం విరమించడంలో ఎంతో జాగ్రత్తగా ఉండేవాళ్లు. హిందూ ముస్లిం గొడవలకు తల్లడిల్లి గాంధీజీ 1924లో ఢిల్లీలో మౌలానా ముహమ్మద్ అలీ ఇంట్లో 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టారు. డాక్టర్ అన్సారీ ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నారు. అక్టోబర్ 8న ఇమాం బావజీర్ ఫాతిహా చదివారు, గాంధీజీ నారింజ రసంతో విరమించారు. జనం గుర్తుపెట్టుకున్నది 21 అనే అంకెని. ఫోన్ జమానాలో అది ఇంకా ముదిరింది. ఎన్ని రోజులు, ఎన్ని కిలోలు అనే చెప్తారు. దిగడం గురించి వీడియో తీస్తే ఎవరు చూస్తారు?

లోపల జరిగేది కూడా ఇప్పుడు తెలుసు. చాలా రోజులు తిండి లేనప్పుడు ఒళ్లు తన కొవ్వునీ కండనీ కరిగించుకుని బతుకుతుంది. ఒక్కసారిగా అన్నం, తీపి పడితే ఇన్సులిన్ ఉప్పొంగి, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంని కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పేది అందుకే. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. 1945 ఏప్రిల్‌లో బెల్సెన్ నాజీ క్యాంపు నుంచి బయటపడ్డ జనానికి సైనికులు జాలితో తమ రేషన్ డబ్బాలు పెడితే, ఆ గట్టి తిండి తట్టుకోలేక కొందరి ప్రాణాలు పోయాయి. తర్వాత అక్కడ వాడిన వాటిలో ‘బెంగాల్ ఫామిన్ మిక్స్చర్’ ఒకటి. పాలపొడి, పిండి, చక్కెర, ఉప్పు కలిపిన జావ. 1943 బెంగాల్ కరువులో మన వాళ్ల ఆకలి నేర్పిన తజుర్బా అది. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని రోగికి మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించి పెట్టొద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2006లో రాసుకున్నాయి. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకైతే ఖతరా ఇంకా ఎక్కువ. దిగేటప్పుడు మాత్రల మోతాదూ మారాల్సి రావచ్చు, డాక్టర్‌ని అడక్కుండా కదలొద్దు.

‘మామూలు తిండి’ అన్నాం గానీ, పల్నాడుకి మామూలు తిండి ఏది? శ్రీనాథుడు ఈ సీమ జొన్నకూటిని చాటువుల్లో ఎగతాళి చేశాడంటారు. సాగర్ కాలవలకి 1967లో నీళ్లు వదిలాకే ఇటు వరి పెరిగి, మూడు పూటలా తెల్లన్నం మామూలైంది. అంతకుముందు అది ఈద్‌కీ పెళ్లికీ వండుకునేదని మా నానీ అనేది. ఇప్పుడు ఆ జొన్నరొట్టెనే పట్నంలో డైట్ ఫుడ్ అని అమ్ముతున్నారు.

ఖాలూ మూడు రోజులు దవాఖానాలో ఉండి వచ్చాడు. ఖాలా డాక్టర్ రాసిచ్చిన కాగితాన్ని వంటింట్లో అంటించింది. చూస్తే సగం నానీ పత్యమే. మొదట గంజి, తర్వాత పెసరపప్పు ఖిచిడీ, తర్వాత బీరకాయ సాలన్‌తో మెత్తటి అన్నం. పదో రోజుకి చిన్న గిన్నెలో షోర్బా, ముక్క లేకుండా. “ఒక్క బోటీ అయినా వెయ్యవే” అని బతిమాలాడు. ఖాలా గరిటె అటు తిప్పలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఒక బోటీ వేసింది, చిన్నది.